బకెట్లో చారల వంకాయ

నరసరావుపేట,
ఆగస్టు 9.

వదినగారికి జయలక్ష్మి నమస్కారాలు.

ఎవరి ఉత్తరమా అని కవరు వెనక్కి తిప్పి చూసి ఉంటారు. నాదే. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు, వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశారు. మీ తమ్ముడి ఫోన్ నుంచి చేద్దామంటే, నా గొంతు వినగానే పెట్టేస్తారని భయం. పోస్టులో వచ్చిన కవరును చదవకుండా పారేసే మనిషి మాత్రం మీరు కాదు. అందుకే రాస్తున్నాను.

మనం మాట్లాడుకుని నాలుగేళ్లయింది. అత్తయ్య సంవత్సరీకానికి వచ్చి, వెనక దొడ్డంతా సిమెంటు పోసి ఉండటం చూసి, "అమ్మ చేతి మొక్క ఒక్కటి కూడా మిగల్చలేదు గదే. ఇంక నీతో మాట్లాడను, ఈ గడప తొక్కను" అని సంచీ తీసుకుని వెళ్లిపోయారు. ఆ గొడవ మళ్లీ ఎత్తడానికి కాదు ఈ ఉత్తరం. మీ నుంచి ఒక సాయం కావాలి.

అత్తయ్య పెంచిన చారల వంగ విత్తనం మీ దగ్గర ఉంది. ఒక చిటికెడు పంపగలరా? డాబా మీద బకెట్లలో పెంచాలనుకుంటున్నాను. మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీళ్లలో. మీ మేనకోడలు హాసిని వ్యవసాయ డిగ్రీ చదువుతోంది కదా, సెలవులకు వచ్చి నేర్పి వెళ్లింది. మన ప్లాస్టిక్ సామాన్ల కొట్లో చెయ్యి విరిగినవి, గీతలు పడినవి, ఎవరూ కొనని బకెట్లు ఓ మూల పడి ఉంటాయి. వాటితోనే మొదలుపెట్టాను. పాలకూర, చుక్కకూర బాగానే వచ్చాయి.

ఆకుకూరలతో ఆశ తీరలేదు. ఈ మధ్య మార్కెట్లో ఏ వంకాయ తెచ్చి వండినా మీ తమ్ముడు రెండు ముద్దలు తిని "బాగుంది" అంటున్నారు. నిజంగా బాగుంటే రెండు ముద్దలతో లేస్తారా?

మీరు పంపకపోయినా ఏమీ అనుకోను. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

జయలక్ష్మి


వెల్దుర్తి,
ఆగస్టు 17.

జయలక్ష్మికి,

మాట్లాడనన్నాను, మాట్లాడటం లేదు. రాయనని అనలేదు కాబట్టి రాస్తున్నా. ఈ తేడా నీకు తెలియాలి.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు కొట్లోనే చదివి వినిపించా. ఎరువుల కోసం వచ్చిన రైతులు కూడా విన్నారు. "వరి అయితే నీళ్లలో నిలబడుద్దమ్మా, వంగ కుళ్లిపోద్ది" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి. ఇంట్లో ఉన్న మట్టిని సిమెంటు కింద పాతిపెట్టి, ఇప్పుడు డాబా ఎక్కి బకెట్లో వెతుక్కుంటున్నావు.

ఆ మొక్క దేన్ని పట్టుకుని నిలబడుద్ది? వేరు కుళ్లకుండా ఉండాలంటే మోటారు పెట్టి గాలి కొట్టాలంట గదా, కరెంటు పోతే ఏంది గతి? నీళ్లు నిలవుంటే దోమలు గుడ్లు పెట్టవా? ఇదంతా తేల్చి రాయి. అప్పుడు ఆలోచిస్తా. అమ్మ విత్తనం ఆటలకు ఇచ్చేది కాదు. డబ్బాలో నిండుగానే ఉంది, తక్కువై ఇవ్వకపోవడం కాదు.

తమ్ముడు రెండు ముద్దలే తింటున్నాడని రాశావు. నాతో ఫోన్లో మాత్రం "బ్రహ్మాండంగా ఉన్నానక్కా" అంటాడు. షుగరు చూపించావా?

కోటేశ్వరమ్మ


నరసరావుపేట,
ఆగస్టు 24.

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వుకుంటూ చదివాను. షుగరు చూపించాం, ఏమీ లేదు.

బకెట్ సంగతి చెబుతాను. మూత ఉన్న పెద్ద బకెట్ తీసుకోవాలి, గోడలకు వేసే రంగు వస్తుందే, అలాంటిది. ఇత్తడి గ్లాసును పొయ్యి మీద కాల్చి మూత మధ్యలో ఒత్తితే గుండ్రంగా చిల్లు పడుతుంది. అందులో ఒక పెరుగు కప్పు కూర్చోబెడతాను. కప్పుకు చుట్టూ, అడుగునా సన్నటి రంధ్రాలు. లోపల కొబ్బరి పీచు, పైన కాస్త కంకర. మొక్క పట్టుకుని నిలబడేది వాటినే. బకెట్లో ఎరువు నీళ్లు కప్పు అడుగు తడిసేదాకా పోస్తే పని అయిపోయినట్టే. మోటారు లేదు, కరెంటు లేదు. మొక్క తాగేకొద్దీ నీళ్లు కిందికి దిగుతాయి, వాటి వెంట వేళ్లు దిగుతాయి. పైన ఖాళీ అయిన చోట గాలి నిలుస్తుంది. పై వేళ్లు ఆ గాలిని పీల్చుకుంటాయి కాబట్టి కుళ్లవు. మూత బిగుతుగా ఉంటే దోమకు దారి ఉండదు.

ఇంత తెలివిగా రాస్తున్నానని నాకు ముందే అన్నీ తెలుసు అనుకోకండి. మొదట పల్చటి తెల్ల బకెట్లు వాడాను. వెలుతురు లోపలికి పోయి నీళ్లన్నీ పాచి పట్టాయి. ఒక టమాటా మొక్కయితే నా చేతులారా పోయింది. నీళ్లు సగానికి తగ్గాయని జాలిపడి మళ్లీ నిండా పోశాను. మర్నాటికి తల వాల్చేసింది. గాలికి అలవాటుపడిన వేళ్లను నీళ్లలో ముంచేశానని హాసిని ఫోన్లో తిట్టింది. తగ్గాక మళ్లీ పోసేటప్పుడు సగం దాకానే పోయాలట. ఇప్పుడు బకెట్లకు బయట నల్ల రంగు వేసి, ఎండకు వేడెక్కకుండా దాని మీద సున్నం కొట్టాను. మీ తమ్ముడు చూసి, "ఏంది, వీటికేమన్నా పెళ్లా" అన్నారు.

ఇంకొక సంగతి. ఎరువు నీళ్ల కోసం ఆన్‌లైన్లో తెప్పించిన సీసా పట్టుమని పది బకెట్లకు రావడం లేదు. మీ కొట్లో మిరప రైతులు డ్రిప్పులో కలిపే పొడులు దీనికి పనికొస్తాయా అని హాసిని అడగమంది. మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఉంటాను.
జయలక్ష్మి


వెల్దుర్తి,
సెప్టెంబరు 2.

జయలక్ష్మికి,

పనికొస్తాయా అని అడుగుతావేంది, మేం ఇరవై ఏళ్లుగా అమ్మేది అవే. ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేయించా, బస్టాండులో తీసుకో. మూడు పంతొమ్మిదుల మందు, అదే సంచీ మీద 19-19-19 అని ఉండే ఎరువు, క్యాల్షియం నైట్రేటు, మెగ్నీషియం, సూక్ష్మపోషకాల పొడి, అన్నీ విడివిడి పొట్లాలు. పేర్లు నేనే రాశా. కళ్లజోడు పెట్టుకుని చదువు.

పది లీటర్ల నీళ్లకు పంతొమ్మిదుల మందు రెండు చిన్న చెంచాలు, క్యాల్షియం రెండు, మెగ్నీషియం ఒకటి, సూక్ష్మపోషకాలు చిటికెడు. ఒకటి బాగా కరిగాక ఇంకొకటి వెయ్యి. అన్నీ ఒకే గ్లాసులో చిక్కగా కలిపావంటే పాలు విరిగినట్టు విరిగి అడుగున సున్నంలా కూర్చుంటది, మొక్కకు అందదు. లేత మొక్కకు ఇందులో సగమే. ప్రేమ ఎక్కువై మందు ఎక్కువ వేస్తే ఆకు అంచులు మాడతాయి. బోరు నీళ్లు వాడొద్దు, కుళాయి నీళ్లే వాడు.

పార్సిల్ అడుగున ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో పుల్లలు కాదు ఉన్నవి. చూసి తెరువు, గాలికి ఎగిరిపోతాయి. ఎక్కువ పంపితే లెక్కలేకుండా చల్లుతావని కొంచెమే పంపా. ఇక్కడ ఇంకా చానా ఉంది.

గాలి పీల్చే వేళ్లని రాశావే, ఆ మాట నాకు నచ్చింది. మీ అన్నయ్యకు చెబితే ఆయన కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు, తనే కనిపెట్టినట్టు.

కోటేశ్వరమ్మ


నరసరావుపేట,
సెప్టెంబరు 20.

వదినగారికి,

ఎలా రాయాలో తెలియక మూడు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మీరు పంపిన గింజలన్నీ తడి పీచులో వేశాను. నీడన పెట్టాను. పొద్దునా సాయంత్రం చూశాను. అన్నిటిలో ఒక్కటే మొలిచింది. మిగతావాటిని గోటితో తీసి చూస్తే లోపల మెత్తబడి ఉన్నాయి. నా తప్పేమో తెలియదు. అదే పీచులో వేసిన పచ్చిమిర్చి మాత్రం నిండుగా లేచింది.

ఆ ఒక్క మొక్కకు ఇప్పుడు నాలుగు ఆకులు వచ్చాయి. సున్నం కొట్టిన పెద్ద బకెట్లోకి మార్చాను. ఒక్కదాన్ని నమ్ముకుని ఉండటం ఎందుకని, మీ డబ్బాలోంచి ఇంకొక చిటికెడు పంపమని అడుగుతున్నాను. ఈసారి జాగ్రత్తగా, రెండు విడతలుగా వేస్తాను. కోప్పడకండి.

జయలక్ష్మి


వెల్దుర్తి,
సెప్టెంబరు 27.

జయా,

కోప్పడటం లేదు. కోప్పడే మొహం నాకు లేదు.

డబ్బా ఖాళీ. నీకు పంపినవే ఆఖరివి. నిండుగా ఉందని రెండుసార్లు రాశా, రెండుసార్లూ ఉత్తదే.

మా ఇంటి వెనక ఉన్న అరెకరంలో ఏటా ఒక వరస అమ్మ వంగ వేసేదాన్ని. మూడేళ్ల కిందట బోరు ఎండిపోయింది. ఇంకోచోట వేయించాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ ఏడాది బిందెలతో నీళ్లు మోసినా మొక్కలు కాయకముందే ఎండాయి. మరుసటేడు మళ్లీ వేశా. వానలు మొహం చాటేశాయి. అప్పటికి మిగిలిన గింజల్నే బూడిదలో కలిపి దాచా. వంగ విత్తనం ఏళ్లు గడిచేకొద్దీ మొలక తగ్గుద్దని కొట్లో అందరికీ చెప్పేదాన్ని నేనే. తెలిసీ పంపా. ఇక్కడ వేస్తే ఎటూ రాదు, నీ బకెట్లోనన్నా వస్తదేమోనని. రాకపోతే నీ మీదకు తోసెయ్యొచ్చు గదా అని కూడా ఒక మూల అనుకున్నా.

మొలవనివి నీ తప్పు కాదు. ఆ ఒక్కటి ఉంది గదా, అది చాలు. దాన్ని చూసుకో. ఎండ పూటంతా తగలనియ్యకు. పురుగు పడితే వేపనూనె కొట్టు. పూత మొదలైతే పొద్దున్నే కొమ్మను వేలితో మెల్లగా తట్టు, పుప్పొడి రాలి పిందె పడుద్ది. మొదటి కాయ కొయ్యొద్దు. చెట్టు మీదే పండి పసుపెక్కాలి, విత్తనానికి.

వారానికొక ఉత్తరం రాయి. చిన్నదైనా సరే.

వదిన


నరసరావుపేట,
నవంబరు 12.

వదినగారికి,

మధ్యలో రాసిన కార్డుల్లో అన్నీ మంచి వార్తలే ఉన్నాయి. ఈసారి ముందు చెడ్డవార్త రాస్తాను, కానీ చివరిదాకా చదవండి.

పది రోజుల కిందట తుఫాను వచ్చింది కదా. వాన మొదలవగానే మిరప బకెట్లన్నీ మెట్ల కిందకు దించాం. వంగ బకెట్ నీళ్లతో బరువుగా ఉంది, పూత కూడా మీద ఉంది. కదిపితే పూత రాలుతుందేమోనని నీళ్ల ట్యాంకు పక్కన గోడ వారగా పెట్టి, తాడుతో కట్టాను. గాలి దాన్ని తాడుతో సహా పడేసింది. మీ తమ్ముడు గొడుగు కూడా లేకుండా పైకి పరుగెత్తారు. నేను వెళ్లేసరికి బకెట్‌ను రెండు చేతులా పట్టుకుని వానలో నిలబడి ఉన్నారు. మొక్క నడిమికి విరిగి కొమ్మ వేలాడుతోంది. "జయా, ఇది అమ్మది గదా" అన్నారు. ఆ మాట మళ్లీ మళ్లీ అన్నారు.

ఏం చేయాలో తోచలేదు. హాసినికి ఫోన్ చేస్తే, "ఏడుపు తర్వాత, ముందు ఆ కొమ్మను పదునైన బ్లేడుతో ఏటవాలుగా కొయ్యి. పూలు, పెద్ద ఆకులు తీసెయ్యి. ఉత్త నీళ్లున్న బకెట్లో పెట్టి నీడన ఉంచు" అంది. అలాగే చేశాను. మొదలును కూడా నీళ్లు మార్చి నిలబెట్టాను.

వారం పాటు కొమ్మ వాడిపోయి ఉంది. నిన్న మూత ఎత్తి చూస్తే కాడ చుట్టూ తెల్లటి వేళ్లు, దారపు పోగుల్లా. మొదలు దగ్గర కూడా రెండు చిగుళ్లు వేసింది. వదినా, ఇప్పుడు మనకు రెండు మొక్కలు. తుఫాను రాకముందు ఒక్కటే.

మీ తమ్ముడు కొట్టుకు వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి డాబా ఎక్కుతున్నారు. మూత ఎత్తి చూడొద్దు, వెలుతురు తగులుతుందంటే వినరు.

జయలక్ష్మి


వెల్దుర్తి,
నవంబరు 25.

జయా,

నీ ఉత్తరం చదివి కొట్లోనే ఏడ్చేశా. మీ అన్నయ్య ఏమైందోనని కంగారుపడి ఉత్తరం లాక్కుని చదివాడు. కొమ్మ వేరు పోసిందని తెలిశాక అందరికీ టీ తెప్పించాడు.

ఇప్పుడు రాసేది వేరే.

మా కొట్టు ముందు అరుగు కట్టడానికి మీ ఊరి మేస్త్రీ మౌలాలీ వచ్చాడు. మాటల్లో మాటగా, "మీ తమ్ముడుగారి దొడ్డి పోసింది నేనేనమ్మా" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నా. అతను చెప్పుకుంటూ పోయాడు.

"మీ మరదలుగారు చానా గొడవ చేశారమ్మా. దొడ్డంతా పోసుకోండి, ఆ వంగ మడి మాత్రం వదిలెయ్యండని మడి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు పని ఆపేసి వెళ్లాం. అయ్యగారేమో స్టాకు పెట్టడానికి చోటు చాలట్లేదు, గోడౌను కావాల్సిందే అన్నారు. వారం తర్వాత అమ్మగారు పుట్టింటికెళ్లారు. అయ్యగారు ఆ రోజే రమ్మని ఫోన్ చేశారు. పోసేశాం."

"నిజమేనా" అని రెండుసార్లు అడిగా.

"నాకెందుకమ్మా అబద్ధం. ఆ కుర్చీ మోసి పక్కన పెట్టింది నేనే" అన్నాడు.

ఏమే, నాలుగేళ్లు. పండగలకు, పెళ్లిళ్లకు ఎదురుపడితే నేను మొహం తిప్పుకుని పోతుంటే, తల వంచుకుని నిలబడ్డావు గానీ ఒక్క మాట చెప్పలేదేందే? వాడు నా ముందు కూర్చుని, "పోనీలే అక్కా, దానికి తెలియక చేసింది" అన్నాడు. ఆ మాట అన్నాడు వాడు.

రెండు రోజుల నుంచి అన్నం సయించడం లేదు. ఇవాళ్టి నుంచి నీతో మాట్లాడతా. వాడితో మాట్లాడను. వాడు ఫోన్ చేస్తే మీ అన్నయ్య ఎత్తి, నేను గుడికెళ్లానని చెబుతున్నాడు. ఇన్నిసార్లు గుడికెళ్లేదాన్ని కాదని వాడికి ఈపాటికి అర్థమై ఉంటది.

నీకు ఫోన్ చేద్దామని నంబరు తీశా. నొక్కలేకపోయా. అందుకే ముందు రాస్తున్నా. ఎందుకు చెప్పలేదో నాకు చెప్పు.

వదిన


నరసరావుపేట,
డిసెంబరు 1.

వదినా,

గారు తీసేశాను, చూశారా.

ఎందుకు చెప్పలేదంటే, చెప్పాలనే అనుకున్నాను. ఆ రోజు మీరు సంచీ తీసుకుని బయటికి నడుస్తుంటే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆయన మొహం చూశాను. అత్తయ్య పోయి అప్పటికి ఏడాదే. ఆవిడ తర్వాత ఆయన్ని 'ఒరేయ్' అని పిలిచే మనిషి మీరొక్కరే మిగిలారు. నాతో మాట్లాడటం మానేస్తే మీ ఇద్దరికీ పోయేదేమీ లేదు, నేను బయటి నుంచి వచ్చినదాన్ని. ఆయనతో మానేస్తే ఇద్దరికీ పుట్టిల్లే పోతుంది. ఆ క్షణంలో నాకు తోచింది అంతే. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

నాకు బాధ లేదని అబద్ధం చెప్పను. మా చెల్లెలి కూతురి పెళ్లిలో మీరు అందరికీ గంధం రాసి నన్ను దాటి వెళ్లారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన మీద అరిచాను. మర్నాడు మీకు ఫోన్ చేస్తానన్నారు, చేసి మిరప ధర ఎంతుందని అడిగి పెట్టేశారు. మీరంటే ఆయనకు అంత భయం.

కానీ వదినా, ఆయన మీద మీరు పట్టిన పంతం నాకు నచ్చలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో తిరుగుతున్నారు. మీ ఇంటి గుడి మాట ఆయన నమ్మలేదు.

చెట్టున మూడు పిందెలు ఉన్నాయి, ఆకుపచ్చ మీద తెల్ల చారలు. అన్నిటికన్నా కింద ఉన్నదాన్ని విత్తనానికి వదిలేస్తాను. పండాక ఎప్పుడు కొయ్యాలో, గింజ ఎలా తీయాలో మీరే వచ్చి చెప్పాలి. ఉత్తరంలో రాస్తే ఒప్పుకోను.

మీ జయ


నరసరావుపేట,
జనవరి 29.

అక్కకు,

ఇంతకుముందు నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు. బిల్లులే రాశాను. తప్పులుంటే సర్దుకో.

నువ్వు వచ్చి వెళ్లి వారమైంది. నువ్వు గడప దాటి లోపలికి వస్తుంటే నేను తలుపు వెనకే ఉన్నాను, చూసి ఉంటావు. జయను పట్టుకుని ఏడ్చావు. ఆ తర్వాత ఇద్దరూ డాబా మీద సాయంత్రం దాకా కూర్చుని నవ్వుకున్నారు. పసుపెక్కిన కాయ కోసి, గింజ పిసికి, నీళ్లలో వేసి తేలినవి పారబోసి, మునిగినవి గుడ్డ మీద ఆరబెట్టారు. అంతా మెట్ల మీద కూర్చునే చూశాను. నాతో నువ్వన్నది ఏమీ లేదు. జయతో మాత్రం, "ఆ మనిషిని ఎండలో కూర్చోవద్దని చెప్పు", "ఆ మనిషికి అన్నం పెట్టు" అన్నావు. నేను పక్కనే ఉండి విన్నా, జయ నీ మాట నాకు మళ్లీ చెప్పింది. ఆమెకు నవ్వు ఆగలేదు.

అక్కా, గోడౌను నిజంగానే అవసరం. కానీ జయ ఆ మడి మాత్రం వదలమన్నది. వదిలినా నాకు చోటు సరిపోయేది. నువ్వొచ్చి అరిచినప్పుడు నా నోరు పెగల్లేదు. చిన్నప్పటి నుంచీ నువ్వు అరిస్తే నా నోరు పెగలదు, నీకు తెలుసు. జయ మాట్లాడకపోవడం చూసి బతికిపోయాననుకున్నాను. అలా అనుకున్నందుకే ఇప్పటికీ నాకు సిగ్గు.

మీ బోరు ఎండిపోయిందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. జయ చెబితే తెలిసింది. నాతో ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ పొలం బాగుందనే చెప్పావు. నువ్వు కూడా ఏమీ తక్కువ తినలేదు అక్కా.

ఆదివారం వస్తున్నాను. మూతలున్న బకెట్లు ఇరవై, నల్లవి, మంచివే, చెయ్యి విరిగినవి కాదు. ట్రాలీ ఆటోలో వేసుకుని వస్తాను. మీ డాబా మీద నేనే పెట్టిస్తాను. బావతో మాట్లాడతాను. నువ్వు మాట్లాడకపోయినా పర్వాలేదు, తిట్టినా పర్వాలేదు.

నీ తమ్ముడు,
వెంకటసుబ్బయ్య


వెల్దుర్తి,
ఫిబ్రవరి 4.

జయా,

ఫోన్లో రోజూ మాట్లాడుకుంటున్నాం గానీ, ఇది ఫోన్లో చెప్పలేను, రాయాల్సిందే.

ఆదివారం పొద్దున్నే నీ మొగుడు ట్రాలీ ఆటోలో బకెట్ల మధ్య కూర్చుని దిగాడు. నువ్వు పంపిన వంకాయలు ఒళ్లో పెట్టుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. నేను వంటింట్లోకి వెళ్లిపోయా. మీ అన్నయ్య ఎదురెళ్లాడు. ఇద్దరూ బకెట్లు డాబా మీదకు చేరవేశారు.

కిటికీలోంచి అన్నీ వినపడుతున్నాయి. గ్లాసు కాల్చి మూతకు చిల్లు పెట్టబోయి వేలు కాల్చుకున్నాడు. "మళ్లీ పోసేటప్పుడు సగం దాకానే పొయ్యాలి బావా, వేళ్లకు గాలి కావాలి" అని మీ అన్నయ్యకు పాఠం చెబుతున్నాడు. "నాకు తెలుసులేవయ్యా, ఊరంతటికీ చెప్పింది నేను" అని ఈయన. పక్కింటి దుర్గ, ఎదురింటి షకీలా గోడ మీద నుంచి చూసి, "మా డాబా మీద కూడా పెట్టిస్తావా అన్నా" అని అడిగారు. వాడు వాళ్ల డాబాలు కూడా ఎక్కి, ఎండ ఎటు పడుతుందో చూసొచ్చాడు. బిందెలతో నీళ్లు మోసి వంగ ఎండబెట్టుకున్న ఊరు గదా ఇది. బకెట్‌కు పోసిన నీళ్లు రోజుల తరబడి ఆగుతాయంటే ఎవరూ నమ్మలేదు. వేలు పెట్టి చూసుకుంటున్నారు.

నేను వంకాయలు చేతిలోకి తీసుకున్నా. కాడ దగ్గర ముళ్లు గుచ్చుకున్నాయి. మూడేళ్లయింది ఆ ముళ్లు గుచ్చుకుని. కాయను నాలుగు పక్షాలుగా కోసి, కారం దట్టించి, అమ్మ చేసినట్టే సన్నసెగ మీద మగ్గబెట్టా. చేతులు వంట మీద ఉన్నా చెవులు డాబా మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం ఇద్దరికీ విస్తళ్లు వేశా. వాడు వచ్చి కూర్చున్నాడు. కాలిన వేలికి గుడ్డ చుట్టుకున్నాడు, జుట్టు నిండా సున్నం. నేను వడ్డిస్తున్నా. వాడు తల ఎత్తలేదు. మొదటి ముద్ద పెట్టుకుని నములుతూ చాలాసేపు ఉండిపోయాడు. తర్వాత గబగబా తిన్నాడు. మళ్లీ కూర వేస్తే అదీ తిన్నాడు. మీ అన్నయ్య ఒక ముద్ద తిని నా వైపు అదోలా చూశాడు, తర్వాత తమ్ముణ్ణి చూసి ఊరుకున్నాడు.

నేను ఇంక ఆగలేకపోయా. తిట్టాలని దాచుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒరేయ్, ఉప్పు సరిపోయిందా" అన్నా.

వాడి చెయ్యి ఆగిపోయింది. "సరిపోయింది అక్కా. చానా బాగుంది" అన్నాడు. మూడోసారి కూర వేయించుకుని అన్నమంతా తిని లేచాడు.

వాళ్లు డాబా మీదకు వెళ్లాక నేను అన్నం పెట్టుకుని కూర్చున్నా. మొదటి ముద్దకే తెలిసింది. ఆ కూరలో నేను అసలు ఉప్పే వెయ్యలేదే.

వదిన